అశ్వహృదయము



భారతమునందలి నలోపాఖ్యానమును విననివారు తెలుగునాట అరుదు. దమయంతికి మరల స్వయంవరమను వార్త విని, ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భకు చేరవలసి వచ్చెను. బాహుకుడను పేరుతో ఆయన కొలువున దాగియున్న నలుడు అశ్వశాలకు పోయి గుఱ్ఱముల నేఱి తెచ్చెను. అవి చూపునకు బక్కచిక్కి యుండెను. ఈ బక్క గుఱ్ఱములతో ఇంత దూరమెట్లు పోవుదువని రాజు కోపించెను. బాహుకుడు వాని లక్షణములను చెప్పి, పోగలిగినవి ఇవియే యనెను. రాజు రథమెక్కునప్పటికి ఆ గుఱ్ఱములు మోకాళ్ళపై వ్రాలినవి. నలుడు కొరడా తీయలేదు, బుజ్జగించి లేపెను. రథము కుండిననగరమును సమీపించుచుండగా, పూర్వము నలుని చేతిలో పెరిగి అచ్చట కట్టబడియున్న గుఱ్ఱములు ఆ రథధ్వనిని విని, తమ యేలిక వచ్చినట్లే సంతసించెనట. నలుడెఱిగిన ఆ విద్యకు అశ్వహృదయమని పేరు. తన అక్షహృదయమునకు మాఱుగా దానిని పొందవలెనని ఋతుపర్ణుడు కోరెను.

అది మంత్రమని కొందఱు చెప్పుదురు. మంత్రమగునో కాదో గాని, గుఱ్ఱమును క్రొవ్వును బట్టి కాక అవయవములను బట్టి ఎంచుట, బెదరినదానిని కొట్టక అనునయించుట, తన్ను సాకినవానిని గుఱ్ఱము ఏండ్ల తరబడి మఱవదని తెలిసికొనుట – ఇవన్నియు నేటి పశువైద్యులును కాదనని మాటలు.

గుఱ్ఱమును గూర్చి ఇప్పుడు పల్లెవాసులకేల యని అడుగవచ్చును. జట్కా బండ్లు తిరిగిన కాలము గడచిపోయినది. ఆటోలు వచ్చినవి, బస్సులు వచ్చినవి, దాణా అమ్మిన అంగళ్ళు మాఱినవి. గుఱ్ఱము నేడు పందెపు మైదానమునను, విశాఖ సముద్రతీరమునను, పెండ్లి ఊరేగింపులలోను కనబడును. కాని కంటికి కనబడని చోట అది చేయుచున్న ఉపకారమొకటి కలదు. పాముకాటునకు ఆసుపత్రిలో ఎక్కించు మందు గుఱ్ఱపు నెత్తురునుండి పుట్టినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాల్గింటి విషమును, ప్రాణాపాయము లేనంత స్వల్పముగా మొదలిడి, క్రమక్రమముగా పెంచుచు గుఱ్ఱమునకు సూదిమందుగా నిత్తురు. దాని దేహము ఆ విషమునకు విరుగుడును తయారుచేసికొనును. పిదప కొంత నెత్తురు తీసి, అందలి ద్రవభాగమును వేఱుచేసి, శుద్ధిచేసి మందుగా వాడుదురు. ఇందులకు కావలసిన విషమును సేకరించువారిలో చెన్నపట్టణము దాపునగల ఇరుళజాతివారి సహకార సంఘము ముఖ్యమైనది. 2000 మొదలు 2019 వఱకు భారతదేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటుచే మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా ఏటికి సగటున 58 వేలమంది. మరణములు హెచ్చుగానున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు కూడ కలవు. చనిపోయినవారిలో హెచ్చుమంది పల్లెవారే. చేనిగట్టున కాటుపడి ఆసుపత్రి చేరి బ్రతికి వచ్చిన ప్రతి రైతు నరములలోను ఏదియో యొక గుఱ్ఱపు ఋణము ప్రవహించినది. అట్టి జంతువు ఎట్లు బ్రతుకగోరునో తెలిసికొనుట వ్యర్థమైన పని కాదు.

తెలియకపోయినచో ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. 13వ శతాబ్ది చివర దక్షిణదేశమును చూచిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రేవును గూర్చి వ్రాసెను. పాండ్యుల నాటిని గూర్చి మఱింత వివరముగా వ్రాసెను. ఆ రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను అరబ్బు, పారసీక రేవులనుండి గొప్ప వెలలిచ్చి కొనెడివారట. ఏడాది తిరుగునప్పటికి వానిలో మిగులునవి స్వల్పమట. సాకుట తెలిసినవారు లేరు, వైద్యము తెలిసినవారు లేరు, ఉడికించిన అన్నమును మాంసమును మేపుచున్నారని ఆయన ఆక్షేపణ. కొంచెము తరువాత వస్సాఫ్ అను పారసీక చరిత్రకారుడు ఇదే మాట మఱియొక విధముగా వ్రాసెను: పచ్చి యవలకు బదులు వేయించిన యవలును, వెన్నతో వండిన ధాన్యమును పెట్టుదురు, కాచిన ఆవుపాలు త్రాగింతురు, క్రొవ్వుటకై నలువది దినములు మేకులకు కట్టివేయుదురు, పిమ్మట ఒక్కసారిగా ఎక్కి పరుగెత్తింతురు. యాత్రికుల మాటలలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. గుఱ్ఱములు చచ్చినకొలది వాని నమ్ము వర్తకులకు లాభమని వారెఱుగుదురు కూడ. అయినను ఇందొక విచిత్రమున్నది. ఆ గుఱ్ఱములకు ఎవ్వరును ద్రోహము చేయలేదు. వెన్న పెట్టిరి, పాలు పోసిరి, నీడను కట్టిరి. మనుష్యుడు తనకేది సుఖమో దానినే గుఱ్ఱమునకును ఇచ్చెను. ఆ ప్రేమయే దానిని చంపెను.

ఏల చంపెనో తెలియవలెనన్న గుఱ్ఱపు కడుపును గూర్చి కొంత తెలియవలెను. అంత పెద్ద జంతువునకు పొట్ట మిక్కిలి చిన్నది. 8 మొదలు 15 లీటర్ల వఱకే పట్టును. ఆవునకు నాలుగు అఱల పొట్ట కలదు; గబగబ మేసి, నీడను పరుండి, తీరికగా నెమరువేసికొనును. గుఱ్ఱమునకు నెమరు లేదు. మ్రింగినది మరల నోటికి రాదు. వాంతి చేసికొనుటకును దానికి చేతకాదు. మేత యున్నను లేకున్నను కడుపులో పుల్లని రసము రేయింబవళ్ళు ఊరుచునే యుండును. ఆ పులుపునకు విరుగుడు లాలాజలము. ఆ లాలాజలమో, నమలుచున్నంతసేపే ఊరును. కనుక గుఱ్ఱము నమలనిచో దాని కడుపును దాని రసమే కాల్చును. పచ్చికబయళ్ళలో స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱము దినమునకు 14 మొదలు 16 గంటలు కొంచెము కొంచెముగా మేయుచు, నాలుగడుగులు వేయుచు, మరల మేయుచు నుండుటకు కారణమిదియే. అది తిండిపోతుతనము కాదు. ఆ దేహము కట్టుబడిన తీరు.

గడ్డిని కరగించు పని పొట్టలో కాక, చిన్నప్రేవులు దాటిన పిదప పెద్దప్రేవులలో, కంటికి కనబడని సూక్ష్మజీవులచే జరుగును. పొద్దుననొకసారి, రాత్రియొకసారి తొట్టినిండ దాణా పోసి, నడుమ వట్టి నేల చూపించి కట్టివేసిన గుఱ్ఱమున జరుగునది వేఱు. చిన్నప్రేవులలో జీర్ణము కాని పిండిపదార్థము పెద్దప్రేవులలో పడి పులిసిపోవును. మంచి సూక్ష్మజీవులు నశించును. కడుపు ఉబ్బి శూల పుట్టును. ఆ విషము నెత్తురున కలిసి గిట్టల లోపలి పొరలకు వాపు తెచ్చును. అది ముదిరిన గుఱ్ఱము నిలువలేదు. మేత దోషము కాలిలో తేలుట చూచి, కాలికి కట్టు కట్టువారు కలరు.

గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని సామెత. దాణాకు తక్కువ లేకున్న చాలదు. గడ్డికి తక్కువ కారాదు. మూడు వందల కిలోల తూకముగల నాటు గుఱ్ఱమునకు దినమునకు అయిదారు కిలోల ఎండుగడ్డియైనను ఉండవలెను. దానిని మూడు నాలుగు పూటలుగా పంచి, రాత్రి పొడవునకు సరిపడునంత చివరి పూట వేయుట మేలు. గరిక దొరకినచో అంతకంటె కావలసినది లేదు. వరిగడ్డి కడుపు నింపును గాని బలమీయదు. వేరుసెనగ తీగ బలమైనదే. కాని వేళ్ళను పట్టుకొనియున్న మన్నును దులుపక వేసినచో ఇసుక ప్రేవులలో చేరి శూల తెచ్చును. బూజుపట్టిన మేత ఆవు సహించినను గుఱ్ఱము సహింపదు. లేత జొన్నపైరు ఎండకు వాడియున్నప్పుడు పశువులకెట్లు విషమో దీనికిని అట్లే. ఇక ఉలవలు, శనగలు, తవుడు – బరువు లాగు గుఱ్ఱమునకు, పాలిచ్చు గుఱ్ఱమునకు కావలసినవే. ఊరక కట్టివేసిన గుఱ్ఱమునకు అంతగా అక్కఱలేదు. ఉలవలను ఉడికించి చల్లార్చి పెట్టవలెను. ఏ దాణాయైనను ఒక్కమాఱుగా కిలోకు మించి పోయరాదు. మేత మార్చదలచినచో వారము పది దినములలో మెల్లమెల్లగా మార్చవలెను. లోపలి సూక్ష్మజీవులు క్రొత్త మేతకు అలవాటుపడుటకు అంత గడువు కావలెను.

నీరు దినమునకు 25 మొదలు 40 లీటర్లు, వేసవిలో ఇంకను ఎక్కువ. చెమట పట్టిన గుఱ్ఱమునకు నీరు పెట్టరాదను మాట సాయిసుల నోట తరతరములుగా వచ్చినది. ఇది పొరపాటని ఇప్పుడు తేలినది. పనినుండి వచ్చినదానికి వెంటనే నీరు చూపవచ్చును. ఒంటిపై చల్లని నీరు పోయుటయు మేలు. మనుష్యునివలెనే గుఱ్ఱమును చెమటతో ఉప్పును పోగొట్టుకొనును గనుక తొట్టి దగ్గఱ ఉప్పుగడ్డ యొకటి వ్రేలాడదీయవలెను.

శూల వచ్చిన గుఱ్ఱము తన డొక్కవైపు తిరిగి తిరిగి చూచును. ముందరికాలితో నేలను గీరును. పరుండును, లేచును, పొర్లును. పేడ వేయదు. ఇట్టి వేళ మేత తీసివేసి పశువైద్యుని పిలిపించుట తప్ప ఆలస్యము కూడదు. తల పైకెత్తి పట్టి సీసాతో ఆముదమో నూనెయో నోట పోయుట పల్లెలలో వాడుక. ఆ నూనె ఊపిరితిత్తులలో దిగినచో శూలతో చావని గుఱ్ఱము దానితో చచ్చును.

గిట్టలను గూర్చి ప్రాచీనులు శ్రద్ధ చూపిరి. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు వీరుడు జెనొఫను అశ్వపోషణముపై వ్రాసిన గ్రంథమున, శాల వెలుపల గుండ్రని రాళ్ళు పఱచి వానిపై గుఱ్ఱమును నిలిపినచో గిట్టలు గట్టిపడునని చెప్పెను. ఇనుప లాడమును మేకులతో కొట్టుట అప్పటికి లేదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను గూర్చి పద్యకావ్యమునే వ్రాసెను. అయితే అశ్వశాస్త్రములలో సుడులకిచ్చినంత చోటు గిట్టలకు దొరకలేదు. నేటికిని సంతలో గుఱ్ఱమును కొనువారు నుదుటి సుడిని, మెడపై సుడిని వ్రేలితో చూపి బేరమాడుదురు. కాలెత్తి అడుగు చూచువారు కొద్దిమంది. గిట్ట నెలకు 6 నుండి 10 మిల్లీమీటర్లు పెరుగును. మెత్తని నేలపై నడచు గుఱ్ఱమునకు లాడమే అక్కఱలేదు. రాతి బాటలపైన, తారు రోడ్లపైన బండి లాగుదానికి తప్పదు. కొట్టిన లాడమును 6, 8 వారములకొకసారి విప్పి, గిట్ట చెక్కి, మరల కొట్టవలెను. ప్రతి సాయంకాలమును గిట్టలోని మన్నును రాళ్ళను తీసి, అడుగున త్రికోణముగానుండు మెత్తని భాగము కుళ్ళు వాసన కొట్టుచున్నదేమో చూడవలెను. మేకు గ్రుచ్చుకొన్న పుండునుండి ధనుర్వాతము పుట్టును. ఆ వ్యాధికి గుఱ్ఱమంత సులభముగా లోబడు జంతువు మఱియొకటి లేదు. టీకా ఉన్నది, వేయింపవలెను.

జోరీగలను గూర్చి యొక మాట. సుర్రా యను జ్వరమునకు మూలమైన క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అను సైనిక పశువైద్యుడు నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖానున కనుగొనెను. జోరీగలు ఒక గుఱ్ఱపు నెత్తురు పీల్చి మఱియొకదానిపై వ్రాలుటచే ఇది వ్యాపించును. పెంటకుప్పను శాలకు దూరముగా నుంచుట, సాయంకాలము పొగవేయుట కొంత మేలు చేయును. జ్వరము విడిచి విడిచి వచ్చుచు, కాళ్ళు, పొట్టక్రింద వాచి, మేయుచున్నను చిక్కిపోవుచున్న గుఱ్ఱమునకు నెత్తురు పరీక్ష చేయింపవలెను.

దేహమునకు కావలసినది ఇంతవఱకు. గుఱ్ఱమునకు మనస్సును కలదు. అది మందలో పుట్టిన జంతువు. ఒంటరిగా నున్నప్పుడు దానికి నిద్రయైనను సరిగ పట్టదు. నిలువుకాళ్ళపై కునుకుతీయ గలదు గాని, గాఢనిద్రకు దినమున కొంతసేపైనను పరుండవలెను. ఎవ్వరో యొకరు కావలియున్నారను ధైర్యమున్నగాని అది పరుండదు. రెండు గుఱ్ఱములు ఎదురెదురుగా నిలిచి ఒకదాని మూపును ఒకటి పండ్లతో గోకుచుండుట కొందఱు చూచియుందురు. ఆ చోట గోకినప్పుడు గుండె కొట్టుకొనుట నెమ్మదించునని కొలిచి చూచినవారు కనుగొనిరి. సాయిసు అదే చోట చేతితో రుద్దినను ఫలమదే. జత లేక, మేత లేక, కదలిక లేక నాలుగు గోడల నడుమ కట్టబడిన గుఱ్ఱము తొట్టి అంచును కొఱుకుచు గాలి మ్రింగును. లేదా గంటల తరబడి తల అటునిటు ఊపుచుండును. దానిని దుర్గుణమని మెడకు పట్టీ బిగించుట గలదు. పట్టీతో చేష్ట ఆగవచ్చును గాని బాధ ఆగదు. ఇంకొక గుఱ్ఱము దొరకనిచోట మేకనైనను తోడు కట్టుదురు. ఒంటరితనము కంటె అది నయము.

గుఱ్ఱము కండ్లు తలకు ఇరుప్రక్కల నుండుటచే దాదాపు చుట్టును చూడగలదు. ముక్కుకు సూటిగా ముందు కొంచెము, తోకకు సూటిగా వెనుక కొంచెము దానికి కనబడదు. వెనుకనుండి మాటలేక పోయినవానిని తన్నుట పగ కాదు, భయము. భుజము ప్రక్కనుండి, పేరుపెట్టి పిలుచుచు సమీపింపవలెను.

భయపడు జంతువునకు ఎదుటివారి చూపు చదువుట ప్రాణరక్షణము. దీనికి జర్మనీ దేశమున జరిగిన కథ యొకటి ప్రసిద్ధము. బెర్లినులో ఫన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుడు హాన్స్ అను గుఱ్ఱమునకు లెక్కలు నేర్పెను. ఎంతకెంత కలిపిన ఎంత యని అడిగినచో అది గిట్టతో నేలను అన్నిసారులు తట్టెడిది. జనము విరగబడి చూచిరి. మోసమున్నదేమోయని 1904లో పండితుల సంఘమొకటి పరీక్షించి, మోసము లేదని చెప్పెను. పిదప ఫుంగ్స్ట్ అను పరిశోధకుడు ఓపికతో వెదకి 1907లో రహస్యమును ప్రకటించెను. అడుగువానికే జవాబు తెలియనప్పుడు హాన్సునకును తెలియదు. అడుగువాడు కనబడకుండ గంతలు కట్టినను తెలియదు. తట్టులు సరియైన సంఖ్యకు చేరగానే అడుగువాని తల ఇసుమంత కదలెడిది. తానట్లు కదలుచున్నట్లు ఆ మనుష్యుడే యెఱుగడు. గుఱ్ఱమెఱుగును. హాన్సునకు లెక్కలు రావని పదుగురు నవ్విరట. మనుష్యుని మనుష్యుడే చదువలేనంత సూక్ష్మముగా చదివిన జంతువును చూచి నవ్వుట ఏపాటి వివేకమో! కోపముగానున్న మనుష్యముఖపు చిత్రమును చూపినచో గుఱ్ఱపు గుండె వేగము త్వరగా హెచ్చునని 2016లో ఇంగ్లండున ప్రకటితమైన పరిశోధన చెప్పినది. కోపముతో గుఱ్ఱము దగ్గఱకు పోవలదని జెనొఫను ఏనాడో వ్రాసెను.

గుఱ్ఱము మనుష్యుని ఇంతగా చదువుచుండగా మనుష్యుడు దానిని చదువకున్నాడు. అది కుక్కవలె మూలుగదు. అడవిలో కుంటుచున్నదానిపైననే పులి మొదట పడును గనుక బాధను దాచుకొనుట దాని జాతిధర్మము. అయినను ముఖము కొంత చెప్పును. వృషణములు తీయించిన గుఱ్ఱముల ముఖములను పరీక్షించి, 2014లో కొందఱు పశువైద్యులు ఆరు గుర్తులను నిర్ణయించిరి. చెవులు బిగిసి వెనుకకు తిరుగుట, కన్ను సగము మూతపడుట, కంటిపై ఎముక తేలుట, దవడకండ బిగిసి పొడుచుకొనివచ్చుట, పెదవులు బిగిసి గడ్డము తేలుట, ముక్కుపుటములు బిగియుట. వీనికి ఏ యంత్రమును అక్కఱలేదు. దినదినము గుఱ్ఱము ముఖము చూచు అలవాటున్న చాలును. గుఱ్ఱము తీరికగా నున్నప్పుడు నాడి నిమిషమునకు 28 మొదలు 44, ఊపిరి 8 మొదలు 16 ఉండును. కాపరియైనవాడు తన గుఱ్ఱపు లెక్కను బాగున్న దినముననే వ్రాసియుంచుకొన్నచో, బాగులేని దినమున వైద్యునికి చెప్పుటకు ఆధారమగును.

నేడు తెలుగు పల్లెలలో గుఱ్ఱము కాలుపెట్టునది పెండ్లికొఱకే గనుక ఆ సంగతియు చెప్పవలెను. వెనుక బ్యాండుమేళము, ప్రక్కను దీపముల బండి, కాళ్ళక్రింద టపాకాయలు. వెనుకకు కనబడని జంతువునకు ఇంతకంటె భయము వేఱొకటి యుండదు. అది చిందులు వేయుచున్నదని జనము సంతోషింతురు. అది పాఱిపోవ జూచుచున్నది. పాఱిపోకుండుటకై కొందఱు ముళ్ళ కళ్ళెము తగిలింతురు. బండి లాగు, బరువు మోయు జంతువులను గూర్చి భారతదేశమున 1965లో చేయబడిన నియమములు ముళ్ళుగల కళ్ళెమును నిషేధించినవి. దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదనియు, విశ్రాంతి లేక ఎడతెగక 5 గంటలు దాటరాదనియు, ఎండ 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు పనిలో పెట్టరాదనియు అవియే చెప్పుచున్నవి. నియమములు పుస్తకమున నున్నవి. కళ్ళెము నోటిలో నున్నది. బేరము కుదుర్చుకొనునాడే కళ్ళెమును చేతికి తీసికొని చూచుట, నోటి మూలల పుండ్లున్నవేమో, జీను క్రింద వీపు పచ్చిపుండైనదేమో చూచుట పెండ్లిపెద్దకు అసాధ్యము కాదు. పుండ్లున్న గుఱ్ఱమును వద్దనిన పెండ్లిపెద్దలు ఊరికి పదిమంది యున్నచో, మఱుసటి మాఘమాసమునకు ఆ గుఱ్ఱపు యజమాని మందు వేయించియే తెచ్చును. టపాకాయలను ఊరేగింపునకు చాల ముందుగనో, గుఱ్ఱము పోయిన పిదపనో కాల్చవచ్చును. ఎదురుకోలు వేళ పెండ్లికుమారునికి పానకమిచ్చునప్పుడు, ఆతనిని మోసికొని వచ్చినదానికి బొక్కెనెడు నీళ్ళును, ఒక గడ్డిమోపును వేయించినచో పెండ్లి ఖర్చు పెరుగదు.